కణాలను అణచిన మందు, క్రిములను తరిమిన మందు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపుర తాలూకాల పల్లెల్లో గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు చూడని ఇల్లు ఉండదు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన అవ్వల మందుల డబ్బాలో వారానికి ఒక్కసారే మింగవలసిన చిన్న పసుపుపచ్చ మాత్ర ఒకటి కనిపిస్తుంది. దాని పేరు మెథోట్రెక్సేట్. రక్త కేన్సరు సోకిన బిడ్డను వెంటబెట్టుకొని తెల్లవారుజామున బెంగళూరు కిద్వాయి ఆసుపత్రికి బస్సెక్కే తల్లిదండ్రులకూ ఆ పేరు పరిచితమే. ఫోలిక్ ఆమ్లం కణాన్ని పెంచుతుంది, మెథోట్రెక్సేట్ దాన్ని అణచుతుంది. పరస్పర విరుద్ధమైన ఈ రెండూ ఒకే ప్రయోగశాలలో, ఒకే తెలుగువాని పర్యవేక్షణలో రూపుదిద్దుకున్నాయి. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో ఆయన జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవడంతో కుటుంబం ఇబ్బందుల పాలైంది. బాలుడు సుబ్బారావుకు చదువుపై అంతగా మనసు నిలవలేదు. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడిస్తానని ఇల్లు విడిచి పారిపోగా దారిలో పట్టి వెనక్కు తెచ్చారు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసులో ఉత్తీర్ణుడయ్యారు. నేడు పదవ తరగతి తప్పిన పిల్లవాణ్ణి చూసి నిట్టూర్చే ఇళ్లలో ఈ సంగతి ఒకసారి చెప్పుకోదగినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో రామకృష్ణ మిషన్ వైపు ఆకర్షితులై సన్యసించాలని తలచారు. తల్లి అంగీకరించలేదు. సేవ చేయదలచినవాడికి వైద్యం కూడా ఒక మార్గమే కాబట్టి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అది స్వదేశీ ఉద్యమ కాలం. ఆయన ఖద్దరుతో కుట్టించిన శస్త్రచికిత్స దుస్తులు ధరించి విధులకు హాజరుకాగా, శస్త్రచికిత్స శాఖ ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది రుచించలేదు. ఫలితంగా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం లభించక, ఆచంట లక్ష్మీపతి నిర్వహణలోని మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ గడిపారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది రోగమే. స్ప్రూ అనే వ్యాధిలో పేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు. విరేచనాలు ఆగవు, నాలుక పుండ్లు పడుతుంది, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిన కట్టెలా మారతాడు. ఈ వ్యాధి పురుషోత్తం, కృష్ణమూర్తి అనే ఇద్దరు సోదరులను కొద్దిరోజుల వ్యవధిలోనే పొట్టన పెట్టుకుంది. సుబ్బారావుకు కూడా అది సోకగా లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. బతికి బట్టకట్టినవాడికి ఒక ప్రశ్న మిగిలింది. ఆ దేహాల్లో లోపించినదేమిటి? దానికి సమాధానం దొరకడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

1919 మే 10న అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది. మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఆర్థిక సహాయం తోడుకాగా, 1920వ దశకం తొలినాళ్లలో సుబ్బారావు అమెరికాకు పయనమయ్యారు. అప్పటికి శేషగిరి గర్భవతి. త్వరలోనే తిరిగి వస్తానని ఆమెకు మాట ఇచ్చి ఓడ ఎక్కారు.

బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరినా చేతిలో డబ్బు లేదు. అమెరికాలో వైద్యం చేయడానికి ఆయన మద్రాసు పత్రం పనికిరాలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని దొరికింది. వైద్యం చదివిన వ్యక్తి పాచిపని చేయడాన్ని మన సమాజం నేటికీ చిన్నతనంగానే భావిస్తుంది. అయితే ఆసుపత్రి పడకల మధ్య క్రిమి ఒక రోగి నుండి మరొక రోగికి నడిచిపోయే దారులు ఎక్కువగా ఆ పాత్రల మీదుగా, వాటిని పట్టిన చేతుల మీదుగానే ఉంటాయి. ఆ పనిని నిర్లక్ష్యం చేస్తే గొప్ప శస్త్రవైద్యుడి శ్రమ కూడా వ్యర్థమవుతుంది.

ఇంటి వార్త ఒకటి ఆయనను అక్కడే వెతుక్కుంటూ వచ్చింది. తాను చూడని కుమారుడు ఏడాదైనా నిండకుండానే ఎరిసిపెలస్ వ్యాధితో కన్నుమూశాడు. అది చర్మం కిందికి చొరబడి ఎర్రగా పొంగి వ్యాపించే బాక్టీరియా వ్యాధి. నేడైతే మందులకు లొంగిపోతుంది. ఆనాటికి పెన్సిలిన్ లేదు, సల్ఫా మందులు లేవు. పసివాడి దేహానికి సొంత రక్షణ బలం కూడా అప్పటికి పూర్తిగా ఏర్పడి ఉండదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి ఆయన రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవరసాయన విద్యార్థులు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో దానిని నేటికీ నేర్చుకుంటున్నారు. కండరాలలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, సకల జీవులకు శక్తి నాణెంలాంటి ఏ.టి.పి.ని 1929లోను వీరు వెలికి తీశారు. ఏ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా వేరుగా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకు డాక్టరేటు లభించింది. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని, ఫిస్క్ అసూయ వల్ల అవి వెలుగు చూడలేదని 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో తెలిపారు. సుబ్బారావు మాత్రం తన ప్రతిభను ప్రచారం చేసుకునే స్వభావం గలవారు కాదు. ఆ గుణాన్ని మెచ్చుకోవచ్చు గాని, ఆయనకు అందవలసిన గుర్తింపు అందకుండా పోవడానికి అదీ ఒక కారణమే.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు తరలివెళ్లి, పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఇది అమెరికన్ సయనమిడ్ అనే సంస్థకు చెందిన మందుల విభాగం. సోదరుల మరణానికి కారణమైన లోపం మీద దృష్టి నిలపడానికి కావలసిన మనుషులు, యంత్రాలు, ధనం ఇక్కడ లభించాయి. అప్పటికే బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు మిల్లు కార్మికుల కుటుంబాల గర్భిణులలో ఒక రకమైన రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని 1931లో చూపించారు. ఆ గుణం గల పదార్థాన్ని టెక్సాస్‌లో శాస్త్రవేత్తలు 1941లో టన్నులకొద్దీ పాలకూర నుండి రవ్వంత రాబట్టి, లాటిన్ భాషలో ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. ఆకుకూరలు, పప్పులు కలిపి మన ప్రాంతంలో వండే మస్సొప్పులో ఉన్నదీ అదే పదార్థం. సుబ్బారావు బృందం స్టోక్‌స్టాడ్ తదితరుల కృషితో దానిని స్వచ్ఛంగా వేరుచేసి, నిర్మాణం తెలుసుకొని, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తం దానితో తిరిగి పుంజుకుంది.

కథ ఇక్కడితో ఆగలేదు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కేన్సరుతో ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు రూపాంతరాలను ఇచ్చి చూడగా వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకున్నట్లు తోచింది. కేన్సరు కణానికి అది మేత అవుతున్నదేమో? అలాగైతే మేతలా కనిపిస్తూ మేత కాని పదార్థాన్ని అందిస్తే కణం మోసపోయి ఎండిపోదా? ఇటువంటి ఫోలిక్ ఆమ్ల వ్యతిరేకులు లెడర్లీలో అప్పటికే తయారవుతున్నాయి. సుబ్బారావు వాటిని ఫార్బర్‌కు పంపారు. వాటిలో అమినోప్టెరిన్ అనేది 1947 చివరి నుండి వాడుకలోకి వచ్చింది. చికిత్స పొందిన 16 మంది పిల్లల్లో 10 మందికి గణనీయంగా మెరుగుపడినట్లు 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా ఒక మందుతో రక్త కేన్సరు వెనుకంజ వేయడం అంతకుముందు ఎవరూ ఎరుగరు. దాని సోదర ఔషధమే మెథోట్రెక్సేట్.

ఇక్కడే సమస్య మొదలైంది. ఈ మందుకు కేన్సరు కణమేదో, మంచి కణమేదో తెలియదు. వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ అది అణచివేస్తుంది. ఎముక మూలుగలో నిత్యం లక్షోపలక్షలుగా పుట్టే తెల్లకణాలు, నోటిలోను పేగులలోను ఉండే పలుచని పొర, వెంట్రుకల మూలాలు అన్నీ దాని దెబ్బకు గురవుతాయి. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్ అనే రకం శరీరానికి కాపలా భటుడు. నోటిపొర, పేగుపొర కోటగోడ. ఒకేసారి భటులు తగ్గి, గోడకు బీటలు పడితే ఏమవుతుంది?

సాధారణంగా మన పేగుల్లో ఇ. కోలై, క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియా ఎవరికీ అపకారం చేయకుండా కాపురముంటాయి. చర్మం మీద, ముక్కులో స్టెఫైలోకాకస్ ఉంటుంది. తడి ఆరని సింకులో, కుళాయి మూతిలో, పూలకుండీ నీటిలో సూడోమోనాస్ ఉంటుంది. ఆరోగ్యవంతుడు వీటితో సహజీవనం చేస్తూ వాటి ఉనికినే గమనించడు. రక్షణ తగ్గిన రోగికి ఇవే ప్రాణాంతకాలు. ఇంతకాలం ఊరిలోనే ఉండి, ఇంటివారు లేని రాత్రి చూసి కన్నం వేసే దొంగ వంటివి ఇవి. వైద్యులు వీటిని అవకాశవాద క్రిములు అంటారు. రక్త కేన్సరు పిల్లలు మందు పనిచేస్తున్న రోజుల్లోనే జ్వరంతో, రక్తంలో చేరిన బాక్టీరియాతో చనిపోవడం ఆ తరువాతి దశాబ్దాల్లో వైద్యులకు పరిపాటి అయింది. న్యూట్రోఫిల్ సంఖ్య ఎంత పడిపోతే, ఎన్నాళ్లు పడిపోతే, ప్రమాదం అంత పెరుగుతుందని 1966లో అమెరికాలో జెరాల్డ్ బోడీ బృందం లెక్కకట్టి చూపింది. ఘన మిల్లీమీటరు రక్తంలో ఆ సంఖ్య 500కు దిగితే అత్యంత ప్రమాదకర స్థితిగా నేడు పరిగణిస్తారు.

రక్షణ తగ్గించే మందు పుట్టిన ఆ ప్రయోగశాలలోనే, అదే సంవత్సరాల్లో, అటువంటి క్రిములపై ఆయుధం కోసం వెతుకులాట కూడా సాగింది. ఈ రెండు పనులకూ అధిపతి సుబ్బారావే. పెన్సిలిన్ కొన్ని రకాల బాక్టీరియా మీదే పనిచేస్తుంది, పేగు బాక్టీరియాలో చాలా వాటికి అది చాలదు. 1943లో దొరికిన స్ట్రెప్టోమైసిన్ ఆ లోటును కొంత తీర్చినా చెవులకు హాని చేసేది. రెండింటి పరిధినీ కలిపి ఏలగల మందు కోసం, విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసి 70 ఏళ్లు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను సుబ్బారావు బృందంలోకి తీసుకున్నారు. దేశం నలుమూలల నుండి మట్టి నమూనాలు తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను పెంచి పరీక్షించడం డగ్గర్ పని. 1945లో మిసోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బర్న్ ప్రయోగ క్షేత్రం నుండి వచ్చిన మట్టిలో బంగారు వన్నె గల ఒక జీవి బయటపడింది. దాని నుండి తీసిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టి 1948 జూలైలో వైద్యలోకానికి పరిచయం చేశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటిది. పొదలలో నల్లిలాంటి పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి నేడు మన ప్రాంత వైద్యులు రాసే డాక్సీసైక్లిన్ ఈ కుటుంబపు బిడ్డే. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ మందు కూడా ఆ సంవత్సరాల్లోనే లెడర్లీ నుండి వెలువడింది. గోదావరి జిల్లాల వారికి అది పెద్ద వరం.

ఆరియోమైసిన్‌కు లొంగని మొండిఘటం సూడోమోనాస్. అదే మాతృసంస్థ అమెరికన్ సయనమిడ్ ప్రయోగశాలల్లో 1947లో పాలీమిక్సిన్ అనే మరొక మందు బయటపడింది. ఇంచుమించు అదే సమయాన ఇంగ్లండులోనూ దీనిని కనుగొన్నారు. ఇది సూడోమోనాస్ వంటి బాక్టీరియా బయటి పొరకు అంటుకొని దానిని చీల్చివేస్తుంది. మూత్రపిండాలకు హాని చేస్తున్నదని దశాబ్దాల పాటు మూలన పడేశారు. ఇతర మందులన్నీ విఫలమవుతున్న ఈ రోజుల్లో ఐ.సి.యు.లో వైద్యులు చిట్టచివరి అస్త్రంగా మళ్లీ తీస్తున్నది ఈ పాలీమిక్సిన్‌నూ, దాని సోదరి కోలిస్టిన్‌నూ.

ఆరియోమైసిన్ వెలుగు చూసిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు 53 సంవత్సరాలు. భార్యకు ఇచ్చిన మాట నెరవేరలేదు. ఓడ ఎక్కిన నాటి నుండి ఆయన ఒక్కసారైనా స్వదేశానికి రాలేదు. అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. పరిశోధన కోసం ఇంటిని విడిచినవారిని కీర్తించడం సులువే. అనపర్తి ఆడపడుచు పాతికేళ్ల ఎదురుచూపును ఏ ప్రయోగశాల ఖాతాలో వేయాలో చెప్పడం కష్టం.

ఆయన వెళ్లిపోయిన వెంటనే ఆయుధానికి తుప్పు పట్టించే పని కూడా ఆ ఆవరణలోనే మొదలైంది. ఫోలిక్ ఆమ్లంపై ఆయనతో పనిచేసిన స్టోక్‌స్టాడ్, సహోద్యోగి థామస్ జ్యూక్స్ ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపి చూశారు. అవి త్వరగా బరువెక్కాయి. 1950లో ఈ సంగతి ప్రకటించగానే ప్రపంచమంతటా కోళ్ల దాణాలో, పశువుల దాణాలో యాంటీబయాటిక్స్ చేరాయి. కొద్దికొద్దిగా మందు రుచి చూస్తూ పెరిగిన బాక్టీరియా దానికి అలవాటుపడి, ఆ లొంగని గుణాన్ని ఇతర బాక్టీరియాకు కూడా పంచిపెడుతుంది. కోలిస్టిన్‌కు లొంగని జన్యువు ఒకటి చైనాలో పందుల్లోను, మనుషుల్లోను కనబడినట్లు 2015లో వెల్లడైంది. కోళ్లకు, పశువులకు కోలిస్టిన్ వాడరాదని భారత ప్రభుత్వం 2019లో నిషేధం విధించింది. కోళ్ల ఫారాలు పెంచుకునే మన పల్లెలకు ఈ ఉత్తర్వు దూరపు వార్త కాదు. ఫారంలో నిష్కారణంగా కలిపిన మందు ధర చివరకు ఆసుపత్రి పడక మీద చెల్లించవలసి వస్తుంది.

సుబ్బారావు మందులు ఇళ్లలో ఉన్నచోట రెండు విషయాలు ప్రాణంతో సమానం. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే, నిర్ణయించిన ఒక్క రోజునే తీసుకోవాలి. ఇతర మాత్రల్లాగా రోజూ మింగితే మూలుగ దెబ్బతిని, నోరు పుండ్లుపడి, తెల్లకణాలు అంతరించి, క్రిములు రక్తంలో చేరి మరణించిన సంఘటనలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. చదువు రాని పెద్దలకు చీటీ మీద వారం పేరు రాసి ఇస్తే చాలదు, మాత్రల డబ్బా ఇంట్లో ఒకరి చేతిలో ఉండాలి. మందు దుష్ఫలితాన్ని తగ్గించడానికి వైద్యులు దానితోపాటు సాధారణంగా వేరొక రోజున వేసుకొమ్మనేది ఫోలిక్ ఆమ్లాన్నే. విషమూ, విరుగుడూ ఒకే గడపవి.

రెండవది జ్వరం. కేన్సరు మందు ఎక్కించుకొని ఇంటికి వచ్చిన రోగికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. అటువంటి రోగికి ఆసుపత్రి చేరిన గంటలోపే నరానికి యాంటీబయాటిక్ అందాలని వైద్య నియమాలు చెబుతున్నాయి. బాగేపల్లి నుండి బెంగళూరు దాదాపు 100 కిలోమీటర్లు. తెల్లవారనీ, పారాసిటమాల్ వేసి చూద్దామనే ఆలోచనలో ఆ గంట, ఆ పైన రాత్రి కూడా గడిచిపోతుంది. చిక్కబళ్లాపురలోనో చింతామణిలోనో దగ్గర ఉన్న ఆసుపత్రికి వెంటనే చేరి, మందు ఎక్కించుకున్న తేదీ, వాటి పేర్లు ఉన్న చీటీ చూపడం తెలివైన పని. మన ఊళ్లలో పరామర్శ ఒక మర్యాద. పండ్లు, పూలు పట్టుకొని పదిమంది పడక చుట్టూ కూర్చుంటారు, బిడ్డ బుగ్గలు నిమురుతారు. న్యూట్రోఫిల్స్ లేని బిడ్డకు ఆ చేతులే ప్రమాదం. చేతులు కడగమని చెప్పిన నర్సును పొగరుబోతు అనుకోవడమూ పరిపాటే. వియన్నాలో సెమ్మెల్‌వెయిస్ అనే వైద్యుడు 1847లో తోటి వైద్యులకు ఈ మాటే చెప్పి నిందల పాలయ్యాడు.

సుబ్బారావు శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ల విడుదల చేసింది. లెడర్లీ శాస్త్రవేత్త హెసెల్‌టైన్ తాను గుర్తించిన ఒక బూజు జాతికి 1953లోనే సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశాడు. అది మురుగునీటిని వడగట్టే రాళ్ల మీద పెరిగే బూజు.